బ్యారేజీకి ఎగువన

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. పడమట బెజవాడ వైపు మబ్బు నేలకి ఆనుకుని నల్లగా ఉంది. మా నెత్తిన మాత్రం పల్చటి మబ్బు, బూడిదతో తోమి కడగకుండా వదిలేసిన పళ్లెంలా ఉంది. గాలి లేదు. కొబ్బరాకు కదల్లేదు.

మా అన్నయ్య బసవపున్నయ్య వాకిట్లో నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ నల్లమబ్బునే చూస్తున్నాడు.

"పైన కొట్టిందిరా చిన్నోడా," అన్నాడు. "ఇక్కడ పడదు. నీళ్లు మాత్రం వస్తయ్."

నాకు డెబ్భై దగ్గరపడ్డాయి. ఆయనకి ఇంకా చిన్నోణ్నే. "ఊ" అన్నాను. ఆ రోజు ఆయన్ని భవానీపురంలో, ముసలివాళ్లని చూసుకునే ఇంటికి తీసుకెళ్లి వదలాలి. ఆ సంగతి ఆయనకి తెలియదు.

ఆషాఢంలో మనిషిని ఇల్లు కదిలించకూడదని నా భార్య కనకలక్ష్మి పట్టుబట్టింది. శ్రావణం వచ్చింది. మంగళవారం వద్దంది. శ్రావణంలో శుక్రవారం పూట ఇంట్లోంచి మనిషిని ఎవరైనా పంపుతారా అంది. అలా గురువారం కుదిరింది. మాసం చూశాం, వారం చూశాం, వర్జ్యం కూడా చూశాం. ఆయనతో చెప్పడం ఒక్కటీ మిగిలిపోయింది.

అన్నయ్య మా ఊరి లాకుల దగ్గర లస్కరుగా చేశాడు. కాలవకి నీళ్లొదిలిన రోజు నుంచి కట్టేసే రోజు దాకా షట్టర్లు ఎత్తడం, దించడం, కొట్టుకొచ్చే తుక్కు తియ్యడం, కింది ఊళ్ల వంతులు తప్పకుండా చూడటం ఆయన పని. రిటైరై చాలా ఏళ్లయింది. వదిన అంతకుముందే పోయింది. పిల్లల్లేరు. అప్పట్నుంచీ మాతోనే.

మతిమరుపు మొదట చిన్నగా వచ్చింది. ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోది మర్చిపోయేవాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చి, "అమ్మాయ్, ఇంకా వంట కాలేదా?" అని కనకలక్ష్మిని అడిగేవాడు. మేం నవ్వుకునేవాళ్లం, ఆయనా నవ్వేవాడు. తర్వాత ఆయనకి డ్యూటీ గుర్తొచ్చింది. కష్టం అక్కడ మొదలైంది. తెల్లారేసరికి పక్క మీద ఉండేవాడు కాదు. బోదెల వెంట తిరిగి, రైతులు తూములకి అడ్డం పెట్టుకున్న గోనెసంచులు పీకేసేవాడు. అప్పుడే ఊడ్చిన మళ్లు నీళ్లు నిండిపోయి నారు పైకి తేలేది. మా పక్క మడి లాజరుది. నోరు చేసుకునే మనిషి కాదు. మా వాకిట్లోకొచ్చి, "పున్నయ్యగారికి ఎదురు చెప్పలేనండీ. నారు మళ్లీ ఎక్కణ్నుంచి తెచ్చుకోనండీ?" అని నిలబడ్డాడు. మా నారుమడిలోంచి పీక్కెళ్లమన్నాను.

ఆషాఢంలోనే ఒక పొద్దున అన్నయ్య కాలవలోకి దిగాడు. లాకుల ముందు గుర్రపుడెక్క కట్టింది, అది తీద్దామని. ఛాతీ లోతు నీళ్లు, మంచి లాగుడు మీద ఉన్నాయి. పాల కోసం వెళ్లిన కనకలక్ష్మి చూసింది. గట్టు మీద బోర్లా పడుకుని ఆయన చెయ్యి పట్టుకుంది. మనుషులొచ్చేదాకా వదల్లేదు. ఆయనకి ఏమీ కాలేదు. ఆమె కుడి భుజం మాత్రం అప్పట్నుంచీ పైకి లేవదు. జుట్టు ముడేసుకోవాలన్నా నేను వెనక నిలబడి సాయం పట్టాలి.

డాక్టరు, ఇంట్లో ఉంచుకుంటే తాళం వేసి ఉంచండి, లేదంటే రాత్రీ పగలూ మనిషి కనిపెట్టుకుని ఉండే చోటు చూడండి అన్నాడు. తాళం వేసి చూశాను. అన్నయ్య తలుపు లోపల నిలబడి, "బయట ఎవరండీ? ఏఈ గారు వచ్చే వేళయింది. కాస్త తలుపు తియ్యండి," అని మర్యాదగా అడిగేవాడు. తిట్టినా బాగుండేది.

చోటు మా అబ్బాయి జయకృష్ణ చూశాడు. వాడికి ఆటోనగర్లో స్పేరు పార్టుల కొట్టుంది. కాపురం మూడో అంతస్తులో, నిలువు మెట్లు. అక్కడ పెట్టుకోవడానికి వీల్లేదు. భవానీపురంలో ఇల్లు వాడూ నేనూ వెళ్లి చూసొచ్చాం. గదులు గాలి తగిలేలా ఉన్నాయి. గేటు దగ్గర మనిషి ఉంటాడు. నాకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

నాది ఒకటే పట్టింపు. అన్నయ్యకి చెప్పి తీసుకెళ్లాలి. సంతకి గొడ్డుని తోలినట్టు తోలుకెళ్లి వదలకూడదు. ఆ మాట ఇంట్లో గట్టిగా అన్నది నేనే. చెప్పలేకపోయిందీ నేనే. గొడ్లసావిట్లో ఒకసారి, పొలం గట్టు మీద ఒకసారి నోరు తెరిచాను. "ఏంటిరా?" అనేవాడు. "లాజరు చేనికి నీళ్లందినట్టు లేదు," అనేవాణ్ని.

జయకృష్ణ వ్యాను వేసుకుని వచ్చేసరికి అన్నయ్య ఇడ్లీ తింటున్నాడు. వాడు నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచాడు.

"చెప్పావా నాన్నా?"

"చెబుతా."

"ఎప్పుడు? వ్యాను ఎక్కించాకా?"

"చెబుతాన్రా. తిననీ."

వాడు నా మొహం చూశాడు. వాడికి నేను బాగా తెలుసు. వెళ్లి అన్నయ్య పక్కన బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

"పెదనాన్నా, నీకు బెజవాడలో డ్యూటీ వేశారు. భవానీపురం. ఇవాళే జాయినవ్వాలంట."

అన్నయ్య చెయ్యి పళ్లెం మీద ఆగింది.

"ఎవరు చెప్పారు?"

"ఏఈ గారు. ఫోన్ చేశారు."

"నాకు చెయ్యొచ్చుగా?"

"చేశారంట. నీది కలవలేదంట."

"డొక్కు ఫోను," అంటూ అన్నయ్య లేచాడు. సగం ఇడ్లీ పళ్లెంలోనే ఉంది. "అమ్మాయ్, నా ఖాకీ చొక్కా ఎక్కడ పెట్టావ్?"

కనకలక్ష్మి నా వంక చూసింది. నేను పళ్లెం వంక చూశాను.

ఆయన స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. నడుం నిటారుగా ఉంది. కళ్లలో ఎన్నాళ్లనుంచో లేని వెలుగు. ఆయన బట్టల సంచీ వ్యానులో పెట్టాం. ఎక్కమంటే ఎక్కలేదు.

"ఛార్జి ఎవరికివ్వాలి?" అన్నాడు.

"ఎవరో ఒకరు తీసుకుంటార్లే పెదనాన్నా, టైమైపోతంది."

"అట్టా ఎట్టారా? రిలీవరు రాకుండా లాకులు వదిలేసి పోతే కిందోళ్ల గతేంటి? నేను అట్టాంటోణ్నా?" అని అరుగు మీద కూర్చున్నాడు. ఆయన కూర్చుంటే ఇద్దరు లేపలేరు.

జయకృష్ణ గడియారం చూసుకున్నాడు. కనకలక్ష్మి, "మీరు తీసుకోండి," అంది నాతో, మెల్లగా.

ముందుకెళ్లాను. "నాకియ్యి."

"నీకా?" అన్నయ్య నన్ను కింద నుంచి పైకి చూశాడు. "ఎటు తిప్పితే లేస్తదో ఎటు తిప్పితే దిగుద్దో తెలుసా నీకు?"

"చెప్పు. నేర్చుకుంటా."

లేచి, లోపలికెళ్లి తన టార్చిలైటు తెచ్చాడు. దాన్ని రెండు చేతులతో నా చేతుల్లో పెట్టాడు. లస్కర్లు ఒకరి తర్వాత ఒకరు అలాగే ఇచ్చుకుంటారు.

"మూడో షట్టరు మొరాయిస్తది. గ్రీజు పెట్టు. సుత్తి పెట్టి కొట్టావంటే ఊరుకోను. పైనుంచి నీళ్లెక్కువొస్తే ముందు కింది ఊరోళ్లకి కబురు చెయ్యి, ఆ తర్వాత ఎత్తు. గొడ్లుంటయ్, ఉతుక్కునే ఆడోళ్లుంటారు. చెప్పకుండా ఎత్తేవోడు లస్కరు కాదు."

"సరే."

"సరే కాదు. ఏం చెప్పానో చెప్పు."

గ్రీజు పెడతాను, సుత్తితో కొట్టను, చెప్పకుండా ఎత్తను, అన్నాను. ఆయన తల ఊపి వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు.

కంకిపాడు దాటేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఎవరి చేను ఎత్తు తక్కువో, ఎవరి నారు పచ్చబడలేదో చెప్పాడు. జయకృష్ణ అదేపనిగా హారన్ కొడుతుంటే, "అది హారనా, మీ ఆవిడ పిలుపా? ఆపడంలేదేంటి?" అన్నాడు. వాడు పగలబడి నవ్వాడు. అద్దంలో వాడి కళ్లు నాకు కనపడ్డాయి. చూశావా, ఎంత తేలికో, అన్నట్టున్నాయి.

కనకలక్ష్మి నా చెవి దగ్గర, "ఎంత హుషారుగా ఉన్నారో. ఇట్టా చూసి ఎన్నాళ్లయింది," అంది.

"అదే."

"అదే ఏంటి? ఏడుస్తా వెళ్లేకంటే నవ్వుతా వెళ్లడం మంచిది కాదా?"

"రేపు పొద్దున?"

ఆమె పమిట భుజం మీదుగా లాక్కుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

బెజవాడలో కాలవ దాటుతుంటే అన్నయ్య అద్దం దించమన్నాడు. "నీళ్లకంటే కవర్లు ఎక్కువున్నయ్. ఇక్కడ లస్కరెవడో గాని మంచి నిద్రలో ఉన్నాడు." ఆ తర్వాత కొండ పక్కన ఫ్లైఓవర్ ఎక్కాం. కనకలక్ష్మి కొండ వైపు తిరిగి అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది, ఎడమ చెయ్యి సాయంతో కుడిచెయ్యి పైకెత్తి. అన్నయ్య అటు చూడలేదు. ఎడమ వైపు బ్యారేజీ కనిపించింది. గేట్లు ఎత్తారు. ఎర్రనీళ్లు నురగలు కక్కుతూ కిందికి పోతున్నాయి. పైన ఏరు నిండుగా, కదులుతున్నట్టు తెలియకుండా ఉంది.

"అబ్బాయ్, ఆపు. కాలవల హెడ్డు ఇక్కడే."

"ఇక్కడ కాదు పెదనాన్నా. ఇంకా ముందుకెళ్లాలి."

అన్నయ్య వెనక్కి తిరిగి బ్యారేజీ వెనకపడిపోవడం చూశాడు. ఫ్లైఓవర్ దిగి భవానీపురం సందుల్లోకి తిరిగాం. అరటిగెలల బండి అడ్డం వచ్చి వ్యాను ఆగింది.

"బ్యారేజీ దాటాం," అన్నాడు అన్నయ్య.

"ఆఁ," అన్నాడు జయకృష్ణ.

"బ్యారేజీకి ఎగువన కాలవ లేదు."

భవానీపురం ఏటి ఒడ్డునే కాబట్టి నీళ్లుంటాయి, డ్యూటీ అంటే నమ్ముతాడు అనుకున్నాడు జయకృష్ణ. నేనూ అలాగే అనుకున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ ఆ నీళ్లు తాగి, ఆ నీళ్లతో పండించుకుని కూడా, కాలవలన్నీ బ్యారేజీ దగ్గరే పుడతాయని, పైన తిప్పడానికి షట్టరే లేదని నాకు తోచలేదు. తన పేరు మర్చిపోయినా ఆ సంగతి మర్చిపోని మనిషికి చెప్పాం ఆ అబద్ధం.

ఇంటి ముందు వ్యాను ఆగింది. రెండంతస్తుల మేడ, పచ్చ రంగు గేటు. లోపల్నుంచి తెల్లకోటు వేసుకున్న అమ్మాయి వచ్చింది. పేరు ఏంజెల్ అని ముందుసారి వచ్చినప్పుడే తెలిసింది. "తాతగారూ, రండి. కాఫీ తాగుదురుగాని," అంది నవ్వుతూ.

అన్నయ్య దిగలేదు. సీటు ముందున్న కడ్డీ రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కొత్తగా తవ్వారు పెదనాన్నా," అన్నాడు జయకృష్ణ. "కొత్త కాలవ."

"ఎక్కణ్నుంచి ఎక్కడికి?"

అన్నయ్య వాడి మొహం, నా మొహం, కనకలక్ష్మి మొహం ఒకటొకటిగా చూశాడు. పొద్దుటి వెలుగు కళ్లలోంచి పోయింది. దాని బదులు భయం వచ్చింది. కాలవలో ఛాతీ లోతున నిలబడ్డప్పుడు కూడా ఆయనకి భయం లేదని కనకలక్ష్మి చెప్పింది.

"నన్నెందుకు తీసుకొచ్చార్రా?"

జయకృష్ణ మళ్లీ ఏదో అనబోతుంటే, "నువ్వు వెళ్లి సంచీ లోపల పెట్టు," అన్నాను. వాడు దిగాడు. వాడి సీట్లో నేను ఎక్కి కూర్చున్నాను. స్టీరింగు నా పొట్టకి తగులుతోంది. ఎదురుగా గోడ మీద పిల్లి ఒకటి కాళ్లు నాక్కుంటోంది. కాసేపు దాన్నే చూశాను.

"డ్యూటీ లేదన్నయ్యా," అన్నాను. "నువ్వు రిటైరై చాలా కాలమైంది."

"మరి వాడన్నాడు?"

"అబద్ధం చెప్పాం. వాడన్నాడు, నేను ఊరుకున్నాను."

"ఇదేంటి? ఆసుపత్రా?"

"కాదు. పెద్దవాళ్లుండే ఇల్లు. నువ్విక్కడ ఉండాలి. నిన్ను ఇంటి దగ్గర మేం చూసుకోలేకపోతున్నాం."

"నన్ను చూసుకునేదేంటిరా? నేనేమన్నా చంటోణ్నా?"

"కాలవలోకి దిగావు మొన్న."

"పడ్డానా?"

"పడలా. దిగావు. గుర్రపుడెక్క తీద్దామని."

ఆయన ఆలోచించాడు. "తీశానా?"

"తీశావు. చాలావరకు."

"మరి?"

"నిన్ను లాగబోయి కనకలక్ష్మి భుజం పోయింది. చెయ్యి పైకి రావడంలేదు."

అన్నయ్య వెనక్కి తిరిగాడు. వెనక సీట్లో కనకలక్ష్మి ఏమీ విననట్టు తన చేతిసంచీ తాడు ముడేస్తోంది.

"నిజమేనా అమ్మాయ్?"

"నాదేముంది బావగారూ. సర్దుకుంటది."

"చెయ్యెత్తు."

ఆమె ఎత్తబోయింది. మోచెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. అన్నయ్య చాలాసేపు ఆ చెయ్యినే చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇంటి దగ్గరే చెప్పి ఏడవచ్చుగా?"

"చెప్పలేకపోయా."

"ఏం, కొడతాననా?"

"కొడితే బాగానే ఉండేది."

ఆయన కడ్డీ మీద నుంచి చేతులు తీశాడు. నేను చుట్టూ తిరిగి వెళ్లేలోపు తనే తలుపు తీసుకుని దిగాడు. నా చెయ్యి పట్టుకోలేదు. నేను పక్కనే నడిచాను.

వరండాలో కుర్చీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆకుపచ్చ పట్టుచీర, నున్నగా దువ్విన తల, ఒళ్లో చేతిసంచీ. మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది. "బండి వచ్చిందా?" అంది. మేం ఆమె కోసం రాలేదని తెలిసి, సంచీ సర్దుకుని మళ్లీ కూర్చుంది.

ఏంజెల్ నా పక్కన నడుస్తూ గొంతు తగ్గించి, "సీతారావమ్మగారండీ. మనవరాలి పెళ్లికని చెప్పి తీసుకొచ్చారంట. నేను చేరకముందు సంగతి. రోజూ పొద్దున్నే పట్టుచీర కట్టుకుని కూర్చుంటారు. సాయంత్రం మేమే విప్పించి మడత పెడతాం," అంది.

"అడిగితే మీరేం చెబుతారమ్మా?"

"బండి వస్తదండీ అంటాను. చెప్పినవాళ్లు వెళ్లిపోయారు. వాళ్ల మాట కాదనడానికి నేనెవరినండీ?" అని, కొంచెం ఆగి, "తప్పు పట్టడం కాదండీ. చాలామంది అట్టాగే తెస్తారు. గేటు దగ్గర ఏడవలేక," అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ గేటు వైపే చూస్తోంది.

అన్నయ్యకిచ్చిన గదిలో రెండు మంచాలు. తలుపు పక్క మంచం మీద గోరింటాకు పెట్టిన గడ్డంతో ఒకాయన దిండుకి ఆనుకుని ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద లేదు. పక్కన చక్రాల కుర్చీ.

"రండి సార్, రండి. హుమాయూన్ అంటారు నన్ను. కిటికీ పక్క మంచం మీకు ఉంచారు. మొదట అడిగింది నేనే గాని, ఒంటికాలోడు ఎట్టాగూ పారిపోలేడని నన్ను తలుపు దగ్గర వేశారు."

అన్నయ్యకి ఆ మాట నచ్చింది. నవ్వాడు. మంచం మీద చేత్తో నొక్కి చూసి కూర్చున్నాడు.

"మీరు ఏ సెక్షనండీ?" అని అడిగాడు.

"ఆటోనగర్ సెక్షనండీ. లారీ కమానుకట్టలు. మన చేతి కింద సాగని కట్ట లేదు."

"మాది ఇరిగేషను."

"అట్టాగా! అయితే అర్జంటు పనుంది సార్. మా కుళాయి సన్నగా వస్తంది. మీ డిపార్టుమెంటే గదా, కాస్త వదిలించండి."

"తాగే నీళ్లు మా కిందకి రావండీ," అన్నాడు అన్నయ్య, నిజంగానే విచారంగా. హుమాయూన్ తొడ చరుచుకుని నవ్వాడు. జయకృష్ణ నవ్వాడు. కనకలక్ష్మి బట్టలు అలమరలో పెడుతూ మొహం అటు తిప్పుకుని నవ్వింది. గది ఒక్కసారి తేలికైంది. బాగానే ఉంటాడు అనిపించింది.

అప్పుడు అన్నయ్య చొక్కా గుండీలు సవరించుకుని, "సరే. ఇక్కడ ఛార్జి ఎవరిస్తారు?" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి.

వ్యానులో చెప్పింది ఆయన దగ్గర లేదు. పొద్దున ఇడ్లీ దగ్గర విన్నది మాత్రం ఉంది. సంతోషం తెచ్చిన మాట కదా, అది నిలిచింది. జయకృష్ణ నా మోచెయ్యి పట్టుకుని, "వదిలెయ్ నాన్నా. ఆఫీసరు రేపొస్తాడని చెబుతా. ఆయన హాయిగా ఉన్నాడు. మళ్లీ మళ్లీ ఏడిపించడమెందుకు?" అన్నాడు, పళ్ల మధ్యనుంచి.

వాడు చెడ్డవాడు కాదు. వాడన్నది అబద్ధం కూడా కాదు. కళ్ల ముందు అన్నయ్య ఖాకీ చొక్కాలో సిద్ధంగా కూర్చున్నాడు. వరండాలో ఆవిడ కూడా సిద్ధంగానే కూర్చుంది.

నేను వెళ్లి మంచం ముందు నిలబడ్డాను. ఒకసారి చెప్పాను కదా, ఇంక తేలికనుకున్నాను. మొదటిసారికంటే కష్టంగా ఉంది. ఏం జరుగుతుందో ఇప్పుడు తెలుసు.

"డ్యూటీ లేదన్నయ్యా. అబద్ధం చెప్పాం."

మళ్లీ అదే చూపు. మళ్లీ అదే భయం, మొదటిసారి విన్నట్టే. మళ్లీ మొత్తం చెప్పాను, రిటైరవడం, కాలవ, భుజం. ఈసారి ఆయన, తీశానా అని అడగలేదు.

"అయితే నన్నిక్కడ వదిలేసి పోతారా?"

"వెళ్తాం."

"మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తావ్?"

"తీసుకెళ్లను. నేనే వస్తా. ఆదివారం ఆదివారం వస్తా."

"ఎవరన్నారు ఇట్టా చెయ్యమని? డాక్టరా? వీడా?"

"నేను," అన్నాను. "నేనే అన్నాను."

"నాన్నా..." అన్నాడు జయకృష్ణ. చెయ్యెత్తి ఆపాను.

అన్నయ్య తల దించుకున్నాడు. అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. షట్టరు హ్యాండిలు తిప్పి తిప్పి కాయలు కాసిన చేతులు. ఆ కాయలు ఇప్పుడు మెత్తబడి పొలుసులు లేచాయి. హుమాయూన్ కిటికీ వైపు తిరిగి ఏరు కనపడుతుందేమోనన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

తల ఎత్తకుండానే అన్నయ్య, "రేపు నేను మళ్లీ అడుగుతాన్రా," అన్నాడు.

ఆ మాట నేను ఊహించలేదు. తన మతి పోతోందని ఆయనకి తెలుసని అప్పటిదాకా నాకు తెలియదు.

"అడుగు," అన్నాను.

"ఎవరు చెబుతారు?"

"ఫోన్ చేయించు. నేను చెబుతా."

"విసుక్కుంటావ్."

"విసుక్కుంటే నువ్వూ తిట్టు."

హుమాయూన్ కిటికీ వైపు నుంచి తిరక్కుండానే, "ఫోన్ దాకా ఎందుకులెండి," అన్నాడు. "నేను విన్నాగా. మీ తమ్ముడు ఎట్టా చెప్పాడో అట్టాగే చెబుతా. మొదట డ్యూటీ అబద్ధం, తర్వాత నిజం. మధ్యలో మీరు ఇరిగేషన్లో చేసిన కబుర్లు నాకు చెప్పాలి. ఊరికే చెప్పను."

అన్నయ్య ఆయన్ని కొత్తగా చూసినట్టు చూశాడు. "మీరు ఏ సెక్షనండీ?"

"ఆటోనగర్ సెక్షనండీ. లారీ కమానుకట్టలు," అన్నాడు హుమాయూన్, అంతకుముందు ఎవరూ అడగనట్టే.

కనకలక్ష్మి అలమర తలుపు దగ్గరికేసి, మూల నిలబడి కళ్లు తుడుచుకుంది. ఎడమచేత్తో.

ఏంజెల్ తలుపులోంచి తొంగి చూసి, భోజనాలు వడ్డిస్తున్నామంది. మొదటిరోజు ఇంటివాళ్లు కూడా ఇక్కడే తినాలంది. జయకృష్ణ కొట్టు తెరవాలని గొణిగాడు గాని కదల్లేదు. అన్నయ్య లేచాడు. ఖాకీ చొక్కా గుండీలు ఒక్కొక్కటీ విప్పి, దాన్ని మడిచి మంచం మీద పెట్టి, బనీను మీద కండువా వేసుకున్నాడు. హుమాయూన్ చేతుల మీద బలం వేసి చక్రాల కుర్చీలోకి జరిగాడు. అన్నయ్య కుర్చీ వెనక చేతులు వేసి నెట్టాడు.

"నెమ్మది సార్. బ్రేకులు వీకు."

"కమానుకట్టలు చేసేవారన్నారుగా, బ్రేకులు చేసుకోలేకపోయారా?"

"అది వేరే షెడ్డండీ."

హాల్లో పొడుగాటి బల్లలు. గోడ వారగా మాకు చోటిచ్చారు. అన్నయ్య ఒక పక్క, నేనొక పక్క. ఎదురుగా కనకలక్ష్మి, జయకృష్ణ, బల్ల చివర హుమాయూన్. స్టీలు పళ్లేల్లో అన్నం, దోసకాయ పప్పు, దొండకాయ వేపుడు. వడ్డించేవాళ్లు చారు గిన్నె తెచ్చి పక్కన పెట్టారు. అవతలి బల్ల దగ్గర సీతారావమ్మగారు పట్టుచీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని కూర్చుంది.

మేం అన్నయ్య వంక చూడకుండా ఉండాలని చూస్తూ, ఆయన వంకే చూస్తున్నాం. ఆయన పప్పు కలిపాడు. ముద్ద చేసి, కాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు. తర్వాత తిన్నాడు. అప్పుడు మేం కలుపుకున్నాం.

పప్పులో ఉప్పు తక్కువైంది. ఎవరం అనలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, గరిటెల చప్పుడు. ఏంజెల్ అన్నం గిన్నె పట్టుకుని మా దాకా వచ్చి నిలబడింది. నేను వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. అన్నయ్య తన పళ్లెం ముందుకి జరిపాడు. ఆమె మారు వడ్డించింది. ఆయన చారు పోసుకుని, కలుపుకుని, తలొంచుకుని తింటున్నాడు. నేను అడ్డం పెట్టిన చెయ్యి తీసి నా పళ్లెం కూడా జరిపాను.